ఎదిగే కుర్రవాడికి వేటకూ ట్రెక్కింగ్‌కూ ఒకే బ్యాగు కొనాలంటే ఏ కొలత చూడాలి?

డెన్వర్_రఘు
మా అబ్బాయికి వచ్చే నెలలో 14 ఏళ్లు నిండుతాయి. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 43 కిలోలు. ఎలాగూ పెరిగే పిల్లవాడు కదా, కాస్త పెద్దది కొంటే నాలుగేళ్లు వస్తుందనుకుని గత ఏడాది వాడికి పెద్దవాళ్ల మీడియం సైజు 65 లీటర్ల బ్యాగు ఆన్‌లైన్‌లో తెప్పించాను. మొన్న జూన్‌లో ఇక్కడ కొలరాడోలోని లాస్ట్ క్రీక్ వైల్డర్‌నెస్ అడవిలో ఒక రాత్రి గుడారం వేసుకుని ఉండి వచ్చాం. మూడో మైలు దాటేసరికి వాడు రెండు బొటనవేళ్లనూ పట్టీల కింద దూర్చి, బరువును పైకి ఎత్తిపట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. నడుము బెల్టును చివరిదాకా లాగినా అది తుంటి మీద నిలవకుండా జారిపోయింది. ఇంటికి వచ్చాక చొక్కా విప్పి చూస్తే రెండు భుజాలూ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. దారి పొడవునా ఒక్క మాట కూడా అనకుండా నడిచాడన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

ఇప్పుడు వాడు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పూర్తి చేశాడు. ముప్పై ఏళ్లుగా ఎల్క్ (ఇక్కడి పెద్ద జింక) వేటకు వెళ్తున్న మా పక్కింటి పెద్దాయన అక్టోబరు చివర్లో, రైఫిల్ వేటకు అనుమతి ఉండే రెండో విడత సీజనుకు మమ్మల్నిద్దరినీ తీసుకెళ్తానన్నారు. వాడి పేరున ఆడ ఎల్క్‌కు లైసెన్సు వచ్చింది. రోడ్డు నుంచి 4 మైళ్లు లోపలికి నడిచి, 10,000 అడుగుల ఎత్తున మూడు రాత్రులు ఉండాలి. వేసవి ట్రెక్కింగ్‌కూ ఈ వేటకూ ఒకే బ్యాగు సరిపోతుందా? ఏడాదిలో ఎంత ఎదుగుతాడో తెలియని పిల్లవాడికి ఏ కొలత చూసి కొనాలి? ఈసారి తప్పు చేయదలచుకోలేదు.

టెక్సాస్_కిరణ్
పిల్లల బ్యాగులు కొనడం డబ్బు వృథా అని నా అభిప్రాయం. ఏడాదిన్నరలో మూలన పడతాయి. వేటగాళ్లు వాడే మిస్టరీ ర్యాంచ్, స్టోన్ గ్లేసియర్, ఎక్సో వంటి వాటిలో ఏదో ఒకటి ఆరేడు వందల డాలర్లు పెట్టి ఇప్పుడే కొనేయండి. ఫ్రేము మీద భుజాల పట్టీలను జరుపుకునే వీలు ఉంటుంది, వాడు కాలేజీకి వెళ్లాక కూడా పనికివస్తుంది.

స్కౌట్_అమ్మ
కిరణ్ గారూ, రఘు గారు గత ఏడాది చేసింది కూడా అదే కదండీ. అప్పుడు తక్కువ ధరలో చేశారు, మీరు ఎక్కువ ధరలో చేయమంటున్నారు.

మా ఇద్దరు మగపిల్లలూ న్యూజెర్సీలో స్కౌట్ దళంలో ఉన్నారు. పెద్దవాడు రెండేళ్ల కిందట న్యూ మెక్సికోలోని ఫిల్మాంట్ స్కౌట్ శిబిరానికి వెళ్లి 12 రోజులు నడిచి వచ్చాడు. వెళ్లే ముందు ఆరు నెలల పాటు నెలకొకసారి మా దళం పెద్దలు పిల్లల చేత బ్యాగులు మోయించి చూసేవారు. అప్పుడు నేను గమనించిన విషయం ఒకటి ఉంది. భుజాల పట్టీలు చాలా బ్యాగుల్లో జరుగుతాయి కాని, నడుము బెల్టు మాత్రం సన్నని పిల్లలకు చాలదు. బెల్టుకు రెండు వైపులా ఉండే మెత్తలు పొట్ట ముందు ఒకదానికొకటి తగిలాయంటే ఇక ఎంత లాగినా బిగుసుకోదు. అప్పుడు బరువంతా భుజాల మీదికే వస్తుంది. రఘు గారి అబ్బాయికి జరిగింది ఇదే అయి ఉంటుంది.

రఘు గారూ, వాడి ఎత్తు చెప్పారు, బరువు చెప్పారు. వీపు కొలిచారా?

డెన్వర్_రఘు
లేదండి. ఎత్తు చూసి మీడియం అనుకున్నాను. మెత్తలు ముందు తగులుతున్న మాట నిజం, ఇప్పుడే వాడికి తొడిగి చూశాను. వీపు ఎలా కొలవాలో ఎవరైనా చెప్పండి.

ఫిజియో_సుజాత
ఇంట్లో బట్టలు కుట్టేటప్పుడు వాడే టేపు చాలు. పిల్లవాడిని నిటారుగా నిలబెట్టి తల కిందికి వంచమనండి. మెడ వెనుక, మెడ వీపును కలిసే చోట ఒక ఎముక బొడిపెలా పైకి తేలుతుంది, దాని మీద చుక్క పెట్టండి. తరువాత వాడి రెండు చేతులనూ తుంటి ఎముకల పై అంచు మీద, బొటనవేళ్లు వెనక్కు ఉండేలా పెట్టించండి. రెండు బొటనవేళ్లనూ కలిపే అడ్డగీత వెన్నెముకను ఎక్కడ తాకుతుందో అక్కడ రెండో చుక్క పెట్టండి. ఆ రెండు చుక్కల మధ్య వెన్ను వంపును అనుసరించి టేపు ఆనించి కొలిస్తే వచ్చేది వీపు పొడవు. అదే టేపుతో తుంటి ఎముకల అంచు మీదుగా చుట్టుకొలత కూడా తీసుకోండి. ప్యాంటు నడుము కొలత బెల్టుకు పనికిరాదు, ఎందుకంటే మనం ప్యాంటును దానికంటే కిందికి కట్టుకుంటాం.

ఇక ఎదుగుదల సంగతి. మగపిల్లలు 13, 14 ఏళ్ల ప్రాంతంలో అన్నిటికంటే వేగంగా పెరుగుతారు, ఆ ఏడాది 9 సెంటీమీటర్లు పెరగడం మామూలే. ఆడపిల్లలకు ఆ దశ సుమారు రెండేళ్లు ముందే వస్తుంది. తల్లిదండ్రులు చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ముందు పెరిగేవి కాళ్లు. ప్యాంట్లు పొట్టివవుతాయి, బూట్లు బిగుతవుతాయి, పిల్లవాడు ఒక్కసారిగా పొడగరి అయినట్లు కనిపిస్తాడు, కాని మొండెం ఇంకా చిన్నపిల్లవాడిదే. వెన్ను సాగడం కొన్ని నెలల తరువాత ఊపందుకుంటుంది. అందుకే ఎత్తును బట్టి కొన్న బ్యాగు ఈ వయసులో తరచుగా పెద్దదవుతుంది. పాతికేళ్లవాడికీ మీ వాడికీ ఎత్తు ఒకటే అయినా వీపు ఒకటి కాదు.

ఇంకొక హెచ్చరిక. భుజాలు కమలడం చర్మానికి తగిలిన దెబ్బ, అది మానుతుంది. బ్యాగు మోస్తున్నప్పుడు చేతివేళ్లు తిమ్మిరెక్కినా, చేయి పైకి ఎత్తడం బరువనిపించినా వెంటనే బ్యాగు దించించాలి. మెడ నుంచి చేతికి దిగే నరాలను పట్టీలు నొక్కడం వల్ల అలా అవుతుంది. సైనికులలో ఇది ఎప్పటినుంచో తెలిసిన ఇబ్బందే, దానికి రక్‌సాక్ పాల్సీ అని పేరు కూడా ఉంది. ఫ్రేము లేని, నడుము బెల్టు పనిచేయని బ్యాగులతో ఆ ప్రమాదం ఎక్కువ. వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయా అని మీరే పదేపదే అడగండి, మీ వాడు తనంతట చెప్పే రకం కాదని మీ పోస్టు చదివితే తెలుస్తోంది.

డెన్వర్_రఘు
కొలిచాం. వీపు 15.5 అంగుళాలు, తుంటి మీద చుట్టుకొలత 27 అంగుళాలు. వాడి దగ్గర ఉన్న బ్యాగు చీటీ మీద వీపు పొడవు 18 అంగుళాల నుంచి మొదలవుతుందని రాసి ఉంది. రెండున్నర అంగుళాల తేడా ఉన్న బ్యాగును ఆ పిల్లవాడి వీపున వేసి 8 మైళ్లు నడిపించాను. సుజాత గారూ, వేళ్ల గురించి అడిగాను. ఆ రోజు తిమ్మిరి లేదని చెప్పాడు.

గోదారి_గట్టు
మా చిన్నప్పుడు దర్జీ దగ్గరికి వెళ్తే మా నాన్న ప్రతిసారీ ఒకే మాట చెప్పేవారు: "ఎదిగే పిల్లాడు, కాస్త వదులుగా కుట్టు." బడి చొక్కా రెండేళ్లు రావాలి కాబట్టి మొదటి ఏడాది చేతులు వేళ్ల దాకా వేలాడేవి. మనమందరం ఆ లెక్కలోనే పెరిగాం, అందుకే బ్యాగుకు కూడా అదే లెక్క వేస్తాం. చొక్కా వదులైతే గాలి ఆడుతుంది. బ్యాగు వదులైతే బరువు ఊగుతుంది.

అయితే ఆ రోజుల్లోనే మా అమ్మమ్మ మా చెల్లెలి పరికిణీలకు చేసిన పద్ధతి వేరు. నడుము, పొడవు ఆ రోజుకు సరిగ్గా కుట్టించి, అడుగున రెండు మూడు మడతలు లోపలికి వేయించేది. ఏడాదికొక మడత విప్పేవారు. మీరు వెతకవలసింది అటువంటి బ్యాగు. ఈ రోజుకు సరిగ్గా ఉండాలి, విప్పడానికి మడతలు ఉండాలి.

స్కౌట్_అమ్మ
గోదారి_గట్టు గారి పరికిణీ లెక్క మా దళంలో పిల్లల తల్లులందరికీ చెప్పబోతున్నాను.

ఆ "మడతలు" ఉన్న బ్యాగులు ఉన్నాయి రఘు గారూ. ఆస్ప్రేలో ఏస్, డాయిటర్‌లో ఫాక్స్, గ్రెగరీలో వాండర్ అనేవి ఈ వయసు పిల్లల కోసమే చేసినవి. భుజాల పట్టీలు వీపు మీద పైకీ కిందికీ జరుగుతాయి, బెల్టు సన్నని నడుముకు కూడా బిగుసుకుంటుంది. 50 లీటర్ల లోపు బ్యాగు ఖాళీగా సుమారు ఒకటిన్నర కిలోలు తూగుతుంది. మా చిన్నవాడు 12వ ఏట మొదలుపెట్టి మూడు వేసవులు ఒకే బ్యాగు మోశాడు.

టెక్సాస్_కిరణ్
సుజాత గారు చెప్పినది చదివాక వీపు కొలత విషయంలో నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. కాని అసలు ప్రశ్న వేట గురించి కూడా కదా. ట్రెక్కింగ్ బ్యాగులో ఎల్క్ మాంసం ఎలా మోస్తాడు?

మోంటానా_మాస్టారు
కిరణ్ గారు సరైన చోటికి వచ్చారు. నేను బోజ్‌మన్ దగ్గర బడిలో లెక్కలు చెబుతాను, పదహారేళ్లుగా వేటకు వెళ్తున్నాను, ఇద్దరు కూతుళ్లనూ తీసుకెళ్లాను.

వేట బ్యాగు ప్రత్యేకత దాని ఫ్రేములో ఉంది. సంచిని ఫ్రేము నుంచి కొంచెం వెనక్కు జరిపి, రెండింటి మధ్య మాంసం మూటను పెట్టి పట్టీలతో బిగిస్తారు. బరువు వీపుకు దగ్గరగా ఉంటుంది, రక్తం పడుకునే సంచికి అంటదు. ఆ ఫ్రేము 40, 45 కిలోలకు కూడా వంగకుండా చేసినది. ఇప్పుడు లెక్క చూడండి. ఎల్క్ అంటే మన నల్లమలలోని కణుజుకు చుట్టం, కాని ఆడదే సుమారు 225 కిలోలు ఉంటుంది. ఎముకలు తీసేసిన మాంసమే 60, 70 కిలోల దాకా వస్తుంది. ఒక్కో వెనుక తొడ ఎముకతో పాటు పాతిక కిలోలకు తక్కువ ఉండదు. 43 కిలోల పిల్లవాడు దానిని మోయకూడదు, మోయడానికి వీలిచ్చే ఫ్రేము వాడికి కొనకూడదు. ఫ్రేము ఉంటే మనకే ఆశ పుడుతుంది, "ఇంకొక్క మూట పెట్టు" అంటాం. పైగా అటువంటి బ్యాగు ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది. వాడు మోయగలిగిన దానిలో మూడో వంతు బ్యాగుకే పోతుంది.

కాబట్టి వేట ఫ్రేము రఘు గారు కొనుక్కోవాలి, అబ్బాయి కాదు. అబ్బాయికి తన పడక, తన బట్టలు, తన నీళ్లు, తన తిండి పట్టే పిల్లల బ్యాగు చాలు.

టెక్సాస్_కిరణ్
మాస్టారూ, పిల్లవాడు వేటాడిన జంతువును పిల్లవాడు మోయకపోతే ఎలా? నా దృష్టిలో వేట నేర్పడం అంటే అది కూడా నేర్పడమే.

మోంటానా_మాస్టారు
మోయాలి, అందులో మీతో ఏకీభవిస్తున్నాను. మా పెద్దమ్మాయి 13వ ఏట తన మొదటి జింకను కొట్టినప్పుడు వెన్ను వెంట ఉండే రెండు మాంసపు పట్టీలను గుడ్డ సంచిలో చుట్టి తన బ్యాగులో పెట్టాను. నాలుగు కిలోలు కూడా లేవు. అందుకు ముందుగా తన బట్టలను, నీళ్లను నేను తీసుకున్నాను. మొత్తం బరువు పెరగలేదు, కాని అది తన వాటా, జంతువులో అన్నిటికంటే మేలైన భాగం. ఇంటికి వెళ్లేదాకా ఆ బ్యాగును ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎల్క్ అయితే ఆ భాగాలే ఇంకా బరువుంటాయి కాబట్టి ఒక పట్టీ ఇస్తే చాలు. కొలరాడోలో జంతువు ఆడదో మగదో తెలిపే భాగం మాంసానికి అంటుకునే ఉండాలన్న నియమం ఉంది, ఆ ముక్క మాత్రం పెద్దవాళ్ల ఫ్రేము మీదే ఉంచండి.

వైద్యం_వాసు
అందరూ "మోయగలిగినంత" అంటున్నారు. ఎంత అని ఎవరూ చెప్పడం లేదు.

ఫిజియో_సుజాత
మన దేశంలో 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ పిల్లవాడి బరువులో 10 శాతానికి మించవద్దంటుంది. అది రోజూ మోసే పుస్తకాల సంచికి, నడుము బెల్టు లేని సంచికి పెట్టిన హద్దు. సరిగ్గా అమరిన ఫ్రేము, బెల్టు ఉన్న బ్యాగుతో ఏడాదికి కొద్ది రోజులు నడిచే ఆరోగ్యవంతుడైన పిల్లవాడికి నేను 20 శాతం దగ్గర ఆగమంటాను. అంటే మీ అబ్బాయికి ఎనిమిదిన్నర కిలోలు.

స్కౌట్_అమ్మ
మా దళంలో నాలుగో వంతు దాకా ఒప్పుకుంటారు, సుమారు పదకొండు కిలోలు. ఆరు నెలలు సాధన చేసిన పిల్లలకు అది ఇబ్బంది కాలేదు.

ఫిజియో_సుజాత
మీరు చెప్పిన ఆరు నెలల సాధనే ఆ తేడాకు కారణం. రఘు గారి అబ్బాయికి అక్టోబరుకు మూడు నెలలు కూడా లేవు, పైగా 10,000 అడుగుల ఎత్తు, బహుశా మంచు. నా అంకె మార్చుకోను.

మోంటానా_మాస్టారు
సుజాత గారి అంకెనే పట్టుకోండి. రైఫిలును కూడా ఆ అంకెలో కలపండి. స్కోపుతో కలిపి మూడు కిలోలకు పైనే ఉంటుంది. చేతిలో ఉన్నా, భుజాన వేలాడినా, ఆ కాళ్లే మోయాలి. అంటే బ్యాగు బరువు అయిదున్నర కిలోలకు దిగుతుంది. గుడారం, పొయ్యి, తిండిలో సగం మీ వీపు మీదికి వస్తాయి రఘు గారూ. శిబిరం దాకా మీరే వాడి రైఫిలు కూడా తీసుకుంటే ఇంకా మేలు.

భువనగిరి_బండ
నేను హైదరాబాదు నుంచి రాస్తున్నాను. ఇక్కడ వేట చట్టవిరుద్ధం కాబట్టి ఆ సంగతి నాకు తెలియదు, కాని పిల్లలను హిమాలయాలకు తీసుకెళ్లే పని పన్నెండేళ్లుగా చేస్తున్నాను. మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన తరువాత తెలంగాణలో ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లలను కొండలకు పంపడం మొదలుపెట్టారు. భువనగిరి బండ మీద శిక్షణకు వచ్చే పిల్లల సంఖ్య చూస్తే సంతోషంగా ఉంటుంది, కాని వాళ్ల వీపుల మీద బ్యాగులు చూస్తే గుండె బరువెక్కుతుంది. అన్నయ్యది, మామయ్యది, అద్దెకు తెచ్చినది.

కేదార్‌కంఠ దారిలో ఒక పదిహేనేళ్ల అమ్మాయి అద్దె బ్యాగు బెల్టు బిగియక ఏడుస్తూ కూర్చుంది. నా దగ్గర వేరే బ్యాగు లేదు. ఒక ఉన్ని మఫ్లరును నాలుగు మడతలు పెట్టి తన తుంటి చుట్టూ కట్టి, దాని మీద బెల్టు బిగించాను. భుజాల మీద బరువు తగ్గిందని తనే చెప్పింది, ఆ రోజు నడక పూర్తి చేసింది. దారిలో చిక్కుకున్నప్పుడు ఈ ఉపాయం గుర్తుంచుకోండి, కాని దీనిని నమ్ముకుని ఇంటి నుంచి బయలుదేరకండి, రెండు గంటలకొకసారి జారిపోతుంది.

లక్ష్మి_అట్లాంటా
ఆడపిల్లల తల్లిగా ఒక మాట. మా అమ్మాయికి 13వ ఏట అబ్బాయిల బ్యాగు కొన్నాం, పట్టీలు చంకల దగ్గర కోసుకునేవి. స్త్రీల కోసం చేసిన చిన్న సైజు బ్యాగు ఇచ్చాక ఆ బాధ పోయింది, ఎందుకంటే వాటి పట్టీలు లోపలి వైపు వంపుతో ఉంటాయి, బెల్టు కూడా తుంటి ఆకారానికి వాలుగా ఉంటుంది. విచిత్రంగా మా తమ్ముడి కొడుకు, సన్నని భుజాల పిల్లవాడు, వాడికీ అదే బ్యాగు బాగా కుదిరింది. రఘు గారూ, దుకాణంలో ఏ విభాగంలో ఉందో చూడకండి, వాడి ఒంటి మీద ఎలా ఉందో చూడండి.

గరాజు_సేల్
మూడేళ్లకు పాతబడే వస్తువు కొత్తది ఎందుకు? మా ఊళ్లో స్కౌట్ పిల్లలు వదిలేసిన పాత కెల్టీ బ్యాగు, అల్యూమినియం ఫ్రేము బయటికి కనిపించే రకం, 20 డాలర్లకు దొరికింది. ఫ్రేముకు వరుసగా రంధ్రాలు ఉంటాయి, పిన్ను తీసి పై రంధ్రంలో పెడితే పట్టీలు పైకి జరుగుతాయి. గోదారి_గట్టు గారి పరికిణీ మడతకు ఇంతకంటే దగ్గరగా ఉన్నది నేను చూడలేదు. కెల్టీ అల్యూమినియం ఫ్రేములు 1952 నుంచి ఉన్నాయి, చెడిపోయేది ఏమీ ఉండదు.

మోంటానా_మాస్టారు
వేసవికి మంచిదే. వేటలో అది చెట్ల కొమ్మలకు తగిలి చప్పుడు చేస్తుంది, వంగి నడిచేటప్పుడు తల వెనుక తగులుతుంది. వేటకు ఇంకొన్ని సంగతులు చూడాలి, ఇవి ట్రెక్కింగ్ వాళ్లకు తట్టవు.

రంగు. జింక జాతి కళ్లకు ఎరుపు, నారింజ సరిగా తెలియవు, నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. పిల్లల బ్యాగులు ఎక్కువగా నీలంలోనే వస్తాయి. ఆకుపచ్చో, బూడిదో, ఎరుపో తీసుకోండి. ఇక మిగతా వేటగాళ్లకు మనం కనిపించడానికి వేసుకునే నారింజ చొక్కా. మా మోంటానాలో నడుము పైన 400 చదరపు అంగుళాలు ఉండాలి, మీ కొలరాడోలో 500 చదరపు అంగుళాలు, తల మీద టోపీతో సహా. సన్నని పిల్లవాడు బ్యాగు తగిలించుకుంటే వెనుక నుంచి చొక్కా పూర్తిగా మూసుకుపోతుంది. బ్యాగు మీదకు కూడా నారింజ రంగు తొడుగు కొనండి, ఇది మాత్రం మరిచిపోవద్దు. నీళ్లకు గొట్టం ఉన్న సంచి వద్దు, అక్టోబరు చివర్లో ఆ ఎత్తున తెల్లవారేసరికి గొట్టం గడ్డకడుతుంది, సీసాలు చాలు. దుర్భిణి కోసం ఛాతీ మీద కట్టే సంచి ఉంటే బ్యాగు ఛాతీ పట్టీ దానికి అడ్డం పడుతుంది, రెండూ కలిపి తొడిగించి చూడండి.

రైఫిలు భుజాన ఉంటే బ్యాగు పట్టీ మీద నుంచి జారుతూ ఉంటుంది. పిల్లవాడు దాన్ని సర్దుకోవడంలో పడి తుపాకీ గొట్టం ఎటు చూస్తోందో మరిచిపోతాడు. నడిచేంతసేపూ ఛాంబరు (పేల్చే తూటా ఉండే గది) ఖాళీగా ఉండాలి. ఇంట్లో తూటాలు లేకుండా, బ్యాగుతో సహా సాధన చేయించండి.

డెన్వర్_రఘు
ఇవేవీ నాకు తట్టలేదు మాస్టారూ. ముఖ్యంగా చొక్కా మూసుకుపోవడం.

నిన్న దుకాణానికి వెళ్లి మూడు బ్యాగులు వేసి చూశాం. దుకాణంలో పెట్టే ఇసుక మూటలతో పది నిమిషాలు నడిస్తే మూడూ బాగానే ఉన్నట్లు అనిపించాయి. తేడా ఎలా తెలుసుకోవాలి?

తిరుపతి_మెట్లు
పది నిమిషాలకు ఏమీ తెలియదు. గంటన్నర తరువాతే తెలుస్తుంది. మా వాడిని కొండయాత్రకు పంపే ముందు ఆరు కిలోలు నింపిన బ్యాగుతో అలిపిరి నుంచి తిరుమలకు నడిపించాను. సామాను కింద అప్పగిస్తే దేవస్థానం వాళ్లే పైకి చేర్చే వీలు ఉన్నా, ఇది మొక్కు అనుకోమని చెప్పాను. 3,550 మెట్లు. గాలిగోపురం దాటేసరికి ఎడమ పట్టీ ఒక అంగుళం పొడుగ్గా ఉందని వాడే కనిపెట్టాడు. డెన్వర్‌లో అలిపిరి లేదు కాని మెట్లు ఎక్కడైనా ఉంటాయి.

స్కౌట్_అమ్మ
వాపసు తీసుకునే దుకాణమైతే ఇంటికి తెచ్చి, చీటీలు తీయకుండా ఇంట్లోనే నడిపించండి. బరువుకు మన ఇండియన్ స్టోరు బియ్యం బస్తా ఉంది కదా, 20 పౌండ్లది. సుమారు 9 కిలోలు. దాన్ని దుప్పటిలో చుట్టి, బ్యాగు మధ్యలో వీపుకు ఆనించి పెట్టండి, అడుగున పడుకునే సంచి పెట్టండి. బియ్యం నేరుగా అడుగున వేస్తే ఏ బ్యాగైనా కిందికి లాగుతుంది, అది బ్యాగు తప్పు కాదు.

తొడిగే క్రమం కూడా ముఖ్యం. అన్ని పట్టీలూ వదులు చేసి, ముందు బెల్టును తుంటి ఎముక మీద బిగించి, తరువాత భుజాల పట్టీలు, ఆ తరువాత భుజం పై నుంచి బ్యాగు పైభాగానికి వెళ్లే చిన్న పట్టీలు, చివరగా ఛాతీది. ఆ చిన్న పట్టీలు పక్క నుంచి చూస్తే ఏటవాలుగా పైకి వెళ్లాలి. అడ్డంగానో, కిందికో ఉన్నాయంటే ఫ్రేము వాడికి పొట్టిదైనట్లు, లేదా పట్టీలు మరీ పైకి జరిపినట్లు.

డెన్వర్_రఘు
రెండు బ్యాగులు తెచ్చి మూడు సాయంత్రాలు చూశాం. మొదటి దానిలో బెల్టు మెత్తల మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది కాని, గంట తరువాత వీపు అడుగున ఒక చోట గుచ్చుకుంటోందన్నాడు. రెండోది ఆకుపచ్చ రంగు 50 లీటర్ల పిల్లల బ్యాగు. బియ్యం బస్తాతో బేస్‌మెంటు మెట్లు గంటన్నర ఎక్కి దిగాడు, మధ్యలో ఒక్కసారి కూడా బొటనవేళ్లు పట్టీల కింద పెట్టలేదు. నేను దానికోసమే చూస్తూ కూర్చున్నాను. భుజాల పట్టీలు కింది నుంచి రెండో మెట్టులో ఉన్నాయి, పైన ఇంకా చోటు ఉంది. అదే ఉంచుకున్నాం. పక్కింటి పెద్దాయన తన పాత వేట ఫ్రేము నాకు ఇస్తానన్నారు.

ఫిజియో_సుజాత
బయలుదేరే వారం ముందు మళ్లీ వీపు కొలవండి. ఆ వయసులో మూడు నెలలు చిన్న కాలం కాదు.

డెన్వర్_రఘు
నవంబరు మొదటి వారం. ఎలా జరిగిందో చెప్పడం నా బాధ్యత కాబట్టి రాస్తున్నాను.

బయలుదేరే ముందు కొలిస్తే వీపు 16 అంగుళాలు దాటింది. పట్టీలను ఒక మెట్టు పైకి జరిపాం. రైఫిలు శిబిరం దాకా నేను మోశాను, వాడి బ్యాగు ఆరు కిలోల లోపే ఉంచాం. మొదటి రాత్రే జానెడు మంచు పడింది. మా వాడికి ఎల్క్ దొరకలేదు. రెండో రోజు ఒక ఆడ ఎల్క్ కనిపించింది కాని, దూరం ఎక్కువని వాడే గురి దించేశాడు. మూడో రోజు పెద్దాయనకు దొరికింది. పెద్దాయనా నేనూ రెండు విడతలుగా మాంసం దించాం. మాస్టారు చెప్పినట్లు వాడి బట్టలూ నీళ్లూ నేను తీసుకుని, వెన్ను మాంసం పట్టీ ఒకటి గుడ్డలో చుట్టి వాడి బ్యాగులో పెట్టాం. నారింజ తొడుగు వెనుక నుంచి అర మైలు దూరానికి కూడా కనిపించింది. నాలుగు మైళ్లు నడిచి రోడ్డు చేరాక చొక్కా పక్కకు లాగి భుజాలు చూశాను. ఎక్కడా ఎరుపు లేదు.

మార్చుకోవలసినది ఒకటి ఉంది. ఉన్ని చేతితొడుగులతో బెల్టు క్లిప్పు విప్పడం వాడికి చేతకాలేదు. క్లిప్పుకు తాడు ముడి కడితే సరిపోతుందని పెద్దాయన చూపించారు.

పాత 65 లీటర్ల బ్యాగు అలాగే ఉంది. దాని వీపు కొలత 18 నుంచి 21 అంగుళాలు. ఎవరికైనా సరిపోతే పంపుతాను, డబ్బు వద్దు.

టెక్సాస్_కిరణ్
రఘు గారూ, ఇప్పుడే మా ఆవిడ చేత కొలిపించుకున్నాను, 19 అంగుళాలు. తుంటి మీద 36. తపాలా ఖర్చు నాది, చిరునామా విడిగా పంపుతున్నాను.